తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళకి ఇంట్లో కండబలం వ్యాయామాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను రాజమండ్రిలో, చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళకి వెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ ఒకే రకం: బాత్రూంలో జారారు, తుంటి విరిగింది, ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చాం, ఇప్పుడేం చెయ్యాలి? రోజూ చెప్పే జవాబులే ఇక్కడ రాసి పెడుతున్నాను. మీ డాక్టర్ చెప్పినదానికి, నేను రాసినదానికి ఎక్కడైనా తేడా వస్తే డాక్టర్ మాటే వినండి, ఎందుకంటే ఎక్స్‌రే చూసింది ఆయన, నేను కాదు.

ఆపరేషన్ అయ్యాక ఎన్ని రోజులు రెస్ట్ ఇవ్వాలి?

అందరూ మొదట అడిగేది ఇదే. ఆపరేషన్ చేసేదే త్వరగా మంచం దింపడానికి. మత్తు దిగి, బీపీ బాగుంటే చాలా ఆసుపత్రుల్లో మర్నాడే నిలబెడతారు. "పాపం పెద్దావిడ, ఓ నెల పడుకోనివ్వండి" అనే చుట్టాలు ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించెయ్యండి. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళని 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. ఎముక విరిగి, రక్తం పోయి, అన్నం సయించని మనిషికి ఎంత పోతుందో మీరే ఆలోచించండి.

ఎముక అతకకముందే బరువు పెడితే రాడ్ జరిగిపోదా?

డిశ్చార్జ్ కాగితం తియ్యండి. అందులో ఎఫ్.డబ్ల్యూ.బి. అని ఉంటే కాలి మీద పూర్తి బరువు పెట్టొచ్చు, పి.డబ్ల్యూ.బి. అంటే కొంతే, ఎన్.డబ్ల్యూ.బి. అంటే ఆ కాలు అసలు ఆనించకూడదు. ఏమీ రాయకపోతే ఫోన్ చేసి అడగండి, మొహమాటపడకండి. ఎముక లోపల రాడ్ వేసినా, తొడ ఎముక పైకొసన ఉండే బంతి తీసి కొత్తది మార్చినా చాలామందికి పూర్తి బరువే చెప్తారు. కొన్ని రకాల విరుపులకి మాత్రం కొన్ని వారాలు ఆగమంటారు.

ఇంకోటి కూడా తప్పకుండా తెలుసుకోవాలి: వేసింది రాడ్డా, ప్లేటా, లేక బంతి మార్చారా? బంతి మార్చిన వాళ్ళకి, ముఖ్యంగా వెనకవైపు నుంచి కోసి చేస్తే, మొదటి 6 నుంచి 12 వారాలు తుంటి 90 డిగ్రీల కంటే ఎక్కువ వంగకూడదు, కాలు మీద కాలు వెయ్యకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. బంతి అది కూర్చునే ఎముక గిన్నెలోంచి జారిపోతుందన్న భయంతో పెట్టిన నియమాలివి. రాడ్ వేసిన వాళ్ళకి మామూలుగా ఈ గొడవ ఉండదు. పక్కింటావిడకి చెప్పిన జాగ్రత్తలు మీ అమ్మకి పెట్టొద్దని నేను అనేది అందుకే, ఇద్దరిదీ తుంటే అయినా లోపల ఉన్న సామాను వేరు.

మంచం మీద ఏం చేయించాలి?

పాదాలు కిందికి, పైకి ఆడించడం. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి దాన్ని కిందికి నొక్కడం, 5 లెక్కపెట్టి వదలడం. పిర్రలు బిగించి వదలడం. మడమ మంచం మీద జార్చుకుంటూ మోకాలు మడవడం. ఒక్కోటి 10 సార్లు, పూటకి ఓసారి. మొదటి రెండు వారాలకి ఇవి బాగానే ఉంటాయి. కానీ మూడో నెలలో కూడా ఇవే చేస్తూ "రోజూ ఎక్సర్‌సైజ్ చేస్తున్నామండీ" అనే ఇళ్ళు నేను చాలా చూశాను. పడుకుని చేసే వాటితో నిలబడే బలం రాదు.

మరి బలం దేనితో వస్తుంది? ఒక్కటే చేయగలం అంటే ఏది చెయ్యాలి?

కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చోవడం. ఒక్కటే ఎంచుకోమంటే కళ్ళు మూసుకుని ఇదే చెప్తాను. తొడ ముందు కండ, పిర్రలు, పిక్కలు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి, పైగా బాత్రూంకి వెళ్ళాలన్నా, భోజనానికి లేవాలన్నా కావలసిన పని అదే.

ముందు కుర్చీ సంగతి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, టైల్స్ మీద కాళ్ళు విరుచుకుని జారిపోతుంది. చేతులున్న చెక్క కుర్చీ, వీపు గోడకి ఆనించి పెట్టండి. దాని మీద బొంతో దుప్పట్లో మడతపెట్టి, కూర్చుంటే తుంటి మోకాలి కంటే పైన ఉండేంత ఎత్తు చెయ్యండి. మడత జారకుండా కుర్చీకి చీరముక్కతో కట్టెయ్యాలి. ఇప్పుడు కుర్చీ అంచుకి జరగాలి, పాదాలు కొంచెం వెనక్కి తేవాలి, ఛాతీ ముందుకు తెచ్చి, కాళ్ళతో నేలని తోస్తూ లేవాలి. బంతి మార్చి, వంగొద్దన్న వాళ్ళు మాత్రం ఆపరేషన్ కాలు కొంచెం ముందుకి చాపి, కుర్చీ చేతులు పట్టుకుని, నడుం పెద్దగా వంచకుండా లేవాలి.

లేవడం సగం పనే. కూర్చునేటప్పుడు 1, 2, 3, 4 అని పైకి లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. దభీమని కూలబడితే ఆ సగం వ్యాయామం వృథా, వెన్నుపూసకి దెబ్బ కూడా. ఇంకో దొంగతనం ఉంది: బరువంతా మంచి కాలి మీద వేసి లేవడం. ఎదురుగా నిలబడి చూడండి, భుజాలు ఒక పక్కకి ఒరిగితే అదే జరుగుతోంది. పూర్తి బరువుకి అనుమతి ఉండి, వంగొద్దన్న నియమాలేవీ లేకపోతే, కొన్ని వారాల తర్వాత ఆపరేషన్ పాదాన్ని రెండో పాదం కంటే ఓ అంగుళం వెనక పెట్టించండి, తప్పించుకోవడం కుదరదు.

మొదట రెండు చేతుల సాయంతో, తర్వాత ఒక చేయి, తర్వాత చేతులు ఛాతీ మీద కట్టుకుని. అది 10 సార్లు సులువుగా వచ్చేస్తే బొంత ఒక మడత తీసెయ్యాలి. వంగొద్దన్న గడువు ముగిసేదాకా బంతి మార్చిన వాళ్ళకి మాత్రం మడత తియ్యకండి. ధవళేశ్వరంలో నేను చూసిన ఒక మామ్మగారికి రాడ్ వేశారు, 4 మడతలతో మొదలుపెట్టాం. ఆఖరి మడత నేను తీసిన రోజు ఆవిడ ఏమీ మాట్లాడలేదు, ఒట్టి చెక్క మీద కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచారు, ఆ తర్వాత ఆ బొంతని కోడలి చేతికిచ్చి ఉతకమన్నారు.

నిలబడి చేసేవి ఎక్కడ చేయించాలి?

వంటింటి గట్టు దగ్గర, సింకు ఉన్న పక్క. గట్టు కదలదు, ఎత్తు కూడా సరిపోతుంది. స్టవ్ వెలుగుతున్నప్పుడు ఆ పక్కకి వెళ్ళనివ్వకండి, కొంగు సంగతి తెలిసిందే. వెనక ఒక కుర్చీ పెట్టుకోండి.

రెండు చేతులతో గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి, మెల్లగా దించాలి. తర్వాత ఒక కాలు పక్కకి ఎత్తాలి, ఓ అడుగు లోపే, కాలి వేళ్ళు ముందుకే చూస్తూ, ఒళ్ళు పక్కకి వాలకుండా. ఇది తుంటి పక్కనుండే కండకి. ఆపరేషన్లో కోతపడేదీ, రాడ్ దింపేదీ చాలావరకు ఆ చుట్టుపక్కలే, అందుకే చాలామంది నడిచేటప్పుడు ఒక పక్కకి ఒరుగుతూ నడుస్తారు. ఒక చిన్న సంగతి ఇంట్లో వాళ్ళకి తట్టదు: మంచి కాలు ఎత్తినప్పుడు ఆపరేషన్ కాలి మీద నిలబడాలి కదా, అప్పుడే ఆ పక్క కండ ఇంకా ఎక్కువ పనిచేస్తుంది. పూర్తి బరువు పెట్టొచ్చని చెప్పి ఉంటే రెండు కాళ్ళూ మార్చి మార్చి చేయించండి.

మెట్టు ఎప్పుడు ఎక్కించాలి?

గట్టు పట్టుకుని ఆపరేషన్ కాలి మీద కొన్ని సెకన్లు నిలబడగలిగితే మొదలుపెట్టొచ్చు. రెయిలింగ్ ఉన్న మెట్లలో మొదటిది ఒక్కటే, పక్కన మనిషి ఉండాలి. మామూలుగా మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. వ్యాయామంగా చేసేటప్పుడు మాత్రం, కొంచెం బలం వచ్చాక, తిరగేసి ఆపరేషన్ కాలితో ఎక్కాలి. స్టూలు, ఇటుకలు పేర్చి పైన చెక్క వెయ్యడం లాంటి తెలివితేటలు వద్దు.

ఎన్నిసార్లు, ఎంత బరువు?

వారానికి 3 రోజులు, మధ్యలో ఒక రోజు వదిలి. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, కాసేపు ఆగి మళ్ళీ ఇంకోసారి, కుదిరితే మూడోసారి. నడక మాత్రం రోజూ.

లెక్కకంటే ముఖ్యమైంది, ఆఖరి రెండుసార్లు కష్టంగా ఉండాలి. 12 సార్లు చేసి కూడా సీరియల్ గురించి మాట్లాడుతున్నారంటే ఆ వ్యాయామం సరిపోవట్లేదు. అప్పుడు కుర్చీ ఎత్తు తగ్గించడమో, బరువు కట్టడమో చెయ్యాలి. కొనక్కర్లేదు, గుడ్డసంచిలో అరకిలో ఇసుక పోసి కుట్టి చీలమండకి కట్టి, కుర్చీలో కూర్చుని మోకాలు చాపించండి, తర్వాత ముప్పావు కిలో, తర్వాత కిలో. చర్మం పలచగా ఉండేవాళ్ళకి కింద సాక్స్ వేసి కట్టండి, షుగర్ ఉంటే సంచి విప్పాక చర్మం ఓసారి చూడండి. ఊపిరి బిగపట్టకూడదు, పైకి లెక్కపెట్టిస్తే ఆ సమస్యే రాదు.

నొప్పి వస్తోంది, ఆపేయాలా?

కండ లాగినట్టు, బరువెక్కినట్టు ఉండే నొప్పి మామూలే. 10కి 4 లోపు ఉండి మర్నాడు పొద్దుటికి తగ్గిపోతే కొనసాగించండి. మర్నాటికీ ఉంటే ఈసారి సగం చేయించండి. మొదటి వారాల్లో డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేసుకున్న ఓ అరగంట, ముప్పావుగంట తర్వాత చేయిస్తే బాగా చేస్తారు. "మాత్రలు మంచివి కావు" అని మానేసి, నొప్పికి కదలకుండా పడుకోవడం మన ఇళ్ళలో చాలా మామూలు, రెండు విధాలా నష్టం.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి?

పిక్క ఒకవైపే వాచి, గట్టిపడి, వేడిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే చూపించండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. కుట్ల దగ్గర చీము, ఎరుపు, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి గజ్జలో తీవ్రమైన నొప్పి వచ్చి కాలు మోపలేకపోయినా, కాలు పొట్టిగా అయినట్టో పక్కకి తిరిగినట్టో కనిపించినా వ్యాయామం ఆపి, నడిపించకుండా తీసుకెళ్ళండి.

నేల మీద కూర్చోవచ్చా? బాసింపట్టు?

వ్రతాలకీ, భోజనాలకీ నేల మీద కూర్చోవడం అలవాటైన వాళ్ళకి ఈ ప్రశ్న చాలా పెద్దది, నవ్వి కొట్టిపారెయ్యకూడదు. బంతి మార్చిన వాళ్ళు డాక్టర్ ఒప్పుకునేదాకా బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం రెండూ మానాలి, చాలామందికి ఎప్పటికీ వద్దనే చెప్తారు. రాడ్ వేసిన వాళ్ళు ఎముక అతికిందని ఎక్స్‌రేలో చూశాక, బలం వచ్చాక మెల్లగా ప్రయత్నించొచ్చు. ఇండియన్ టాయిలెట్ మీద పెట్టే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. పూజ కుర్చీలో కూర్చుని చేసుకుంటే దేవుడేమీ అనుకోడు, ఈ మాట నేను చెప్తే వినని ఒక పెద్దాయన పురోహితుడు చెప్తే విన్నారు.

వాకర్ ఎప్పుడు వదిలెయ్యొచ్చు?

వాకర్ వదలడం గొప్ప కాదు, పడకపోవడం గొప్ప. ముందు ఎత్తు సరిచూడండి: నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. చాలా ఇళ్ళలో కొన్న రోజు ఎంత ఎత్తుందో అంతే ఉంటుంది, మనిషి మాత్రం దాని మీదికి వంగిపోయి నడుస్తుంటారు. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. ఇంట్లో ఒరగకుండా నడుస్తున్నారంటే కర్రకి మారొచ్చు, కర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. సినిమాల్లో తప్పుగా పట్టుకుంటారు, అది చూసి నేర్చుకోకండి.

అమ్మకి భయం. లేవమంటే ఏడుస్తోంది.

పడిన మనిషికి భయం న్యాయమే. బతిమాలడం, కసరడం రెండూ పనిచెయ్యవు. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి వెనక నుంచి మీరు పట్టుకోండి, చంకలో చెయ్యేసి లాగకండి. మొదటి రోజు లేచి నిలబడి కూర్చుంటే చాలు, అంతే అని చెప్పి అంతే చేయించండి, ఇంకోటి అడిగి మాట తప్పకండి.

అసలు చిక్కు ఇంట్లోవాళ్ళ ప్రేమతో వస్తుంది. "నువ్వు లేవకమ్మా, నేను తెస్తా" అని రోజుకి ఇరవైసార్లు అంటాం, ఆ ఇరవైసార్లూ ఆవిడ కుర్చీలోంచి లేవాల్సినవే. మంచినీళ్ళ గ్లాసు అందేంత దగ్గర పెట్టకండి. చిక్కుళ్ళు వొలిచే పని కుర్చీలో ఇచ్చి, తొక్కలు వెయ్యడానికి లేచి వెళ్ళమనండి, కాళ్ళు బలపడేదాకా పక్కన మనిషి నడవాలి. గిన్నె వాకర్‌కి తగిలించిన సంచిలో వేసుకోవాలి, చేత్తో పట్టుకుని కాదు.

మతిమరుపు ఉన్నవాళ్ళతో ఎలా?

"10 సార్లు లేవండి" అంటే అర్థం కాదు. పనిలా చెప్పండి: "నాన్నా, తులసికి నీళ్ళు పోద్దాం రా." రోజూ అదే వేళ, అదే కుర్చీ, అదే మనిషి. మీరు ఎదురుగా కూర్చుని చేసి చూపిస్తే చూసి చేస్తారు.

బీపీ, షుగర్ ఉన్నాయి. ఫర్వాలేదా?

ఫర్వాలేదు, అవి ఉన్నందుకే ఇంకా అవసరం. పడుకున్న మనిషిని ఒక్కసారిగా లేపకండి, మంచం అంచున ఒక నిమిషం కూర్చోబెట్టండి. కళ్ళు తిరుగుతున్నాయంటే కూర్చుని, పడుకుని, నిలబడి బీపీ చూపించి డాక్టర్‌కి చెప్పండి, మాత్ర తగ్గించాల్సి రావచ్చు. నిద్రమాత్రల గురించి కూడా అడగండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో చెయ్యకూడదు. గుండె జబ్బుంటే ఏ మేరకు చెయ్యొచ్చో ముందే ఆ డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

పథ్యం ఏం పెట్టాలి? పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. ఈ ఒక్క నమ్మకం వల్ల ఎంతమంది చారన్నంతో నెలలు గడిపారో! కండ కట్టాలంటే మాంసకృత్తులు కావాలి, కోలుకుంటున్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.2 గ్రాముల దాకా ఉండాలంటారు. అంటే 50 కిలోల ఆవిడకి 60 గ్రాములు. ఒక గుడ్డులో 6, గ్లాసు పాలల్లో 8, గుప్పెడు వేరుశనగల్లో 7 గ్రాములు, వంద గ్రాముల చేప ముక్కలో 20 దాకా ఉంటాయి. గుడ్డు తినని ఇళ్ళలో ప్రతి పూటా గట్టి పప్పు, పెరుగు, పనీర్, ఉలవలు, పెసరట్టు ఉండేలా చూడండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగాలి. ఈ కొన్ని నెలలు ఏకాదశి ఉపవాసాలు మానమనండి.

నిలబడిన ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటే ఎముకే గుల్లబారిందని అర్థం. కాల్షియం, డి విటమిన్ మాత్రమే ఇచ్చి పంపిస్తే "ఎముక బలానికి మందు ఏమైనా కావాలా?" అని మీరే అడగండి. వారానికోసారి వేసుకునే మాత్రలున్నాయి, ఏడాదికోసారి ఎక్కించే సెలైన్ ఇంజెక్షన్ ఉంది. అవతలి తుంటిని కాపాడుకునే మార్గాల్లో ఇదొకటి.

నూనె మర్దనా, కట్టు వేయించొచ్చా?

కుట్లు పూర్తిగా మానాక తొడకి, పిక్కకి మెల్లగా నూనె రాస్తే హాయిగా ఉంటుంది, అంతవరకే. ఆపరేషన్ తుంటిని లాగించడం, తిప్పించడం, పిక్క వాచినప్పుడు మర్దనా చెయ్యడం ప్రమాదం. పుత్తూరు కట్టు మీద మనవాళ్ళకున్న నమ్మకం తెలుసు, చేతి ఎముకకి మీ ఇష్టం, కానీ లోపల రాడ్ ఉన్న తుంటికి బయట కట్టు ఏమీ చెయ్యలేదు, కదలకుండా చెయ్యడం తప్ప.

ఫిజియో రావడం ఆపేస్తే మేమే చేయించుకుంటే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, కష్టపెట్టి చేయిస్తే. అమెరికాలో బోస్టన్ ప్రాంతంలో ఫిజియోథెరపీ ముగిసిన 232 మంది మీద ఒక పరీక్ష చేశారు, 2014లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో వారానికి 3 సార్లు, 6 నెలలు, కుర్చీలోంచి లేవడం, మెట్టెక్కడం లాంటివే, ఎలాస్టిక్ బ్యాండ్లూ బరువులూ పెట్టి చేయించారు. ఫిజియో ఇంటికి వెళ్ళింది నాలుగైదుసార్లకి మించి కాదు, మిగతాది ఫోన్ మీద నడిచింది. చేసినవాళ్ళు చెయ్యనివాళ్ళకంటే మెరుగయ్యారు, మహాద్భుతంగా కాదు, ఒక మాదిరిగా. 2019లో అమెరికాలోనే వచ్చిన ఇంకో పరీక్షలో 16 వారాలు ఇంటికెళ్ళి చేయించినా, 6 నిమిషాల్లో 300 మీటర్లు నడవడంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కాబట్టి అద్భుతం జరుగుతుందని నేను అబద్ధం చెప్పను. చాలామంది మునుపటి నడకకి పూర్తిగా చేరరు, ఏడాది దాకా మెరుగవుతూనే ఉంటారు, తనంతట తాను బాత్రూంకి వెళ్ళొస్తే నేను గెలిచినట్టే లెక్కేస్తాను.

పిల్లలు డాలస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటే వీడియో కాల్లో లెక్కపెట్టడం మంచి పనే, కానీ పక్కన పట్టుకునే మనిషి ఉన్నప్పుడే.

6 నెలలు అయింది, ఇక ఆపేయొచ్చా?

ఆపితే కొన్ని వారాల్లోనే వచ్చిన బలం దిగిపోవడం మొదలవుతుంది. వారానికి 2 రోజులకి తగ్గించండి, అంతకంటే కాదు. గోడకున్న క్యాలెండర్లో చేసిన రోజు తిథి పక్కన పెన్సిల్‌తో ఎన్నిసార్లు లేచారో రాయించండి, వాళ్ళ చేత్తోనే. పాలవాడి లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ ఎలాగూ అక్కడే రాస్తారు.